కాయలు నాలుగు, మేకులు మూడు

మీ ఇంట్లో ఒక వస్తువు చెడిపోతే మీ చూపు ముందు దేని మీదికి పోతుంది? ఆ వస్తువు మీదికా, దాని పక్కన నిలబడ్డ మనిషి మీదికా? తొందరపడి జవాబు చెప్పకండి. పాలు విరిగిన రోజు, బిడ్డకు జ్వరం వచ్చిన రోజు మీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో గుర్తు తెచ్చుకొని అప్పుడు చెప్పండి.

మొన్న నయాపూల్ వంతెన మీద ఒక పెద్దమనిషి మోటారు కారు ఆగిపోయింది. వెనక చక్రం గాలి పోయి రోడ్డుకు అతుక్కుంది. ఆయన దిగాడు. చక్రం వైపు ఒక్క చూపైనా చూడలేదు. ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకొని పోతున్న ఒక ముసలామెను నిలేసి తిట్టడం మొదలుపెట్టాడు. ఖాళీ బుట్టతో ఎదురొచ్చిందట, అందుకే చక్రం పోయిందట. నేను దగ్గరికి పోయి, "అయ్యా, ఆమె బుట్టలో మేకులేమైనా ఉన్నాయా?" అని అడిగాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన కోపం నా మీదికి తిరిగింది. ఆ సందు దొరికించుకొని ముసలామె మెల్లగా జారుకుంది.

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నాది కాదు. అది మా మేనత్త అడిగే తీరు. ఆమె పోయి రెండేళ్ళవుతోంది. తిట్లు తింటూ ఇంటికి నడుస్తుంటే దారి పొడుగునా ఆమే గుర్తొచ్చింది.

కిషన్‌బాగ్‌లో మాది పాడి మీద బతికే ఇల్లు. పెరట్లో ఎనిమిది బర్రెలు. అత్త మా నాయనకు అక్క. చిన్నవయసులోనే భర్త పోతే తమ్ముడి ఇంటికి వచ్చేసింది. పొద్దు పొడవకముందే లేచి ఎనిమిది బర్రెల మొహాలూ చూసేది. ఆ ఎనిమిది బర్రెలూ అన్నిటికన్నా ముందు ఆమె మొహమే చూసేవి. అన్నేళ్ళలో ఒక్క బర్రె కూడా ఆమెను చూసి పాలు ఎగవేయలేదు.

జర్మనీ యుద్ధానికి కొంచెం ముందు మా నాయన ఒక నవాబుల దేవిడీ వాళ్ళు వేలం వేసిన పాత మోటారు కొన్నాడు. రోజూ పొద్దున దాంట్లో పాల క్యాన్లు నయాపూల్ హోటళ్ళకు పోయేవి. పెళ్ళిళ్ళ రోజుల్లో బాడుగకు పోయేది. మోటారు వెంబడే మా ఇంటికి పెద్దిళ్ళ ఆచారాలు కూడా దిగుమతి అయ్యాయి. అంతవరకు మాలో భర్త పోయిన ఆడది దాక్కొని బతకాలన్న నియమం లేదు. మారుమనువులు కూడా జరిగేవి. కానీ మోటారున్న ఇల్లు బర్రెలున్న ఇల్లు లాగే ఉంటే ఇక పరువెక్కడిది? మా తాతకు అన్న ఒకాయన, మా పెద్దతాత, ఇంటికి పెద్దదిక్కు. ఆ నియమం ఆయనే తెచ్చాడు. బండి బయలుదేరేటప్పుడు అత్త ఎదురుగా కనపడగూడదు. ఇంజను లేపడానికి హ్యాండిల్ తిప్పిన చప్పుడు వినగానే ఆమె కొట్టం వెనక ఉన్న గడ్డి గదిలోకి పోవాలి.

అత్త ఒక్కసారి అడిగింది. "పెద్దబాపూ, బర్రెకు లేని అపశకునం మోటారుకు ఏడికెళ్ళి వచ్చింది?"

"బర్రెకు తెల్వది," అన్నాడు పెద్దతాత.

"మోటారుకు తెలుసా?"

"మోటారు పైసలు పెట్టి కొన్నది."

"బర్రెను ఏమన్న పుణ్యానికి ఇచ్చిండ్రా?" అని ఆమె గడ్డి గదిలోకి పోయింది. పోయింది కానీ నవ్వుకుంటూ పోయింది. ఆమెను ఎవరైనా ఓడించారని నేను అప్పుడు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

మొదటిసారి చక్రం గాలి పోయినప్పుడు నాయన నయాపూల్ నుంచి ఒక ముసలి మిస్త్రీని పిలుచుకొచ్చాడు. ఆయన చక్రం ఊడదీసి, టైరు లోపలి ట్యూబు బయటికి లాగి, దానికి గాలి కొట్టి, "పానీ లావో," అన్నాడు. నేను బిందె కోసం పరుగెత్తేలోపలే గడ్డి గది తలుపు సందులోంచి అత్త కేకేసింది. "గోలెంల ముంచు సాబ్! గంత పెద్దది బిందెల ఏడ పడ్తది?" గోలెం అంటే బర్రెలు కుడితి తాగే పెద్ద తొట్టి. తాగుతున్న బర్రె తలెత్తి, తన కుడితిలో మునిగిన నల్లటి రబ్బరు పామును చూసి, నాలుగడుగులు వెనక్కి వేసింది. ట్యూబును తిప్పుతూ ముంచుతుంటే ఒకచోట బుడబుడమని బుడగలు లేచాయి. మిస్త్రీ అక్కడ వేలు పెట్టి, తలుపు సందు వైపు తిరిగి అన్నాడు: "దేఖో అమ్మా, ఆద్మీ ఝూట్ బోల్తా. పానీ ఝూట్ నై బోల్తా."

మనిషి అబద్ధం చెప్తాడు, నీళ్ళు అబద్ధం చెప్పవు. అత్తకు ఆ రోజు నుంచి అదే వేదం. కోడలు గాజులు దొంగిలించిందని పక్కింటామె వచ్చి ఏడిస్తే, "నీళ్ళల్ల ముంచి చూసినవా?" అనేది. ఆమె బిత్తరపోయి, "ఎవల్ని, కోడల్నా?" అంటే, "కాదు, నీ మాటను," అనేది. గాజులు బియ్యం డబ్బాలో దొరికాయి.

రెండోసారి గాలి పోయినప్పుడు అత్త మిస్త్రీని పిలవనియ్యలేదు. ఆయన కూలి మా సగం రోజు పాలకు సమానం. పైగా యుద్ధం ముదిరింది. కొత్త ట్యూబు కావాలంటే పర్మిట్ కావాలి, పర్మిట్ ఉన్నా సరుకు దొరికేది కాదు. "చూసిన కద, నాకొస్తది," అంది. మిస్త్రీ దగ్గర ఒక చిన్న డబ్బా సులేషన్ మాత్రం తెప్పించింది. సులేషన్ అంటే రబ్బరును రబ్బరుకు అంటించే జిగురు. మిగిలినవన్నీ ఇంట్లోవే. టైరు ఊడదీయడానికి కమ్మరి దగ్గర రెండు ఇనుప కడ్డీల చివర్లు చదును చేయించి, అవి ట్యూబును కొరకకుండా వాటికి పాత చీర పేలిక చుట్టింది. అతుకు కోసం ఎప్పుడో చిరిగిన ట్యూబు ముక్క. గరుకు చేయడానికి పెంకు.

ఆమె పని చూడటం నాకు ఇష్టం. మొదట మిగిలిన చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టేది. జాకీతో బండిని లేపి, వెంటనే ఇరుసు కింద ఒక చింత మొద్దు దూర్చేది. "జాకీని నమ్మకు బిడ్డా, మొద్దును నమ్ము. జాకీ పెద్దింటిది, అవుసరానికి జారుకుంటది," అనేది. గోలెంలో బుడగలు చూసి, రంధ్రం దగ్గర బొగ్గుతో గీత గీసి, తుడిచి, పెంకుతో గరుకయ్యేదాకా రుద్దేది. ట్యూబుకూ, అతుకుకూ సులేషన్ పల్చగా రాసేది. ఇక అక్కడే అందరికీ తొందర పుట్టేది. నాయన "అంటియ్యక్కా, పొద్దెక్కుతున్నది," అనేవాడు. ఆమె వినేది కాదు. "ఆరనియ్యి తమ్మీ. తడి మీద పెడితే గిప్పుడు అంటుకుంటది, నయాపూల్ కాడ ఊడ్తది." పెదాలు కదిలిస్తూ కూర్చునేది. ఏదో మంత్రం చదువుతోందని పెద్దతాత కొన్నాళ్ళు భయపడ్డాడు. మంత్రం కాదు. ఎనిమిది బర్రెలూ పూటకు ఎన్నెన్ని సేర్లు ఇచ్చాయో మొదటి నుంచి వరసగా చెప్పుకునేది. ఎనిమిదో బర్రె అయ్యేసరికి జిగురు వేలికి అంటీ అంటనట్టు అయ్యేది. అప్పుడు అతుకు వేసి, చపాతీ కర్రతో గట్టిగా ఒత్తేది.

ట్యూబును తిరిగి ఎక్కించేముందు ఆమె చేసే పని ఒకటి ఉంది. మగవాళ్ళు చాలామంది దాన్ని మర్చిపోతారు. మెత్తటి గుడ్డ చేతికి చుట్టుకొని టైరు లోపల చుట్టూ తిప్పేది. ఎక్కడ గుడ్డ తట్టుకుంటే అక్కడ ముల్లో మేకో ఉన్నట్టు. "రంధ్రం మూస్తే సరిపోదు, పొడిచిందేందో తియ్యాలె. లేకపోతే రేపు మల్ల గదే పొడుస్తది." సంఘ సంస్కరణ మీద నేను విన్న ఉపన్యాసాలన్నీ ఒక తట్టలో, ఈ ఒక్క మాట ఇంకో తట్టలో పెడితే ఎటు మొగ్గుతుందో నాకు తెలుసు.

చివరికి పంపుతో గాలి కొట్టాలి. గాలి కొట్టే పనికి ఆమె దగ్గర ఒక న్యాయం ఉంది. ఆ పొద్దు ఎవరు ఎక్కువ నోరు పారేసుకుంటే వాళ్ళకు పంపు. "తిట్టెటోనికి ఊపిరి మస్తుంటది, వేస్టు గాకుంట ఈడ కొట్టు," అనేది. ఆడది చీర కుచ్చెళ్ళు ఎగదోపుకొని చక్రం విప్పడమేమిటని నీతులు చెప్పడానికి వచ్చిన ఒక చుట్టం రెండు చక్రాలకు గాలి కొట్టి, చెమటలు తుడుచుకుంటూ, మజ్జిగ తాగి పోయాడు.

ఇంతా చేస్తే చక్రం మళ్ళీ పోయింది. మళ్ళీ పోయింది. ఆరు వారాల్లో నాలుగుసార్లు, ప్రతిసారీ శనివారం పొద్దున. ప్రతిసారీ టైరులో ఒక మేకు. నయాపూల్ దగ్గర టాంగా గుర్రాల నాడాల మేకులు రోడ్డంతా రాలుతుంటాయి, అవే అయివుంటాయనుకొని ఆమె సరిగ్గా చూడకుండానే పారేసేది. పెద్దతాత మాత్రం వేరే లెక్క వేశాడు. "శనివారం బండికి ముందుగాల ఎవరు ఎదురైన్రు? పాలచెంబు పట్టుకొని గీమెనే కద కొట్టంలకెళ్ళి వచ్చింది?" ఆమె రోజూ వస్తుంది. సోమవారమూ వస్తుంది, బుధవారమూ వస్తుంది. ఆ రోజుల్లో చక్రం పోలేదు. కానీ నింద వేయదలచినవాడికి సోమవారం గుర్తుండదు.

తీర్పు వచ్చింది. మహబూబ్‌నగర్ దిక్కు ఒక ఊళ్ళో మాకు దూరపు చుట్టాలున్నారు. అత్తను అక్కడికి పంపెయ్యాలి. వచ్చే సోమవారమే. అక్కడ ఆమెకు తెలిసిన ముఖం ఒక్కటి లేదు. మేకలు కాచుకొని, పెట్టింది తిని పడి ఉండాలి. నాయన నేల చూస్తూ కూర్చున్నాడు. అమ్మ కన్నీళ్ళు తుడుచుకుంది. నేనప్పుడు కాలేజీ చదువుతున్నాను. ఆ వారమే ఒక పఠనమందిరంలో మూఢనమ్మకాల మీద గంటసేపు మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాను. పెద్దతాత ముందు నా నోటి నుంచి ఒక్క మాట రాలేదు. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అందుకే రాస్తున్నాను.

అత్త ఒక్కటే అడిగింది. "శనివారం దాక ఆగు పెద్దబాపూ. సోమవారం పొమ్మంటే పోత."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మోటారు కొన్నప్పటి నుంచి ప్రతి శుక్రవారం పొద్దున పెద్దతాత నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టేవాడు. బండి వాటిని తొక్కుకుంటూ పోతే దిష్టి పోతుందని నమ్మకం. మొదటిసారి చక్రం పోయాక ఆయనకు ఉత్త నిమ్మకాయ బలం చాలదనిపించింది. "బాలింత తలకింద ఇనుము పెడ్తం, బండికి పెట్టొద్దా?" అని ఒక్కొక్క నిమ్మకాయకు ఒక్కొక్క ఇనుప మేకు గుచ్చడం మొదలుపెట్టాడు. ఆ దిష్టికి ఒక నియమం ఉంది. తొక్కిన కాయను తిరిగి చూడగూడదు, చూస్తే దిష్టి మనకే తగులుతుంది. బండి పోయాక వాకిలి ఊడ్చేది అత్తే. ఆమె కూడా అందరిలాగే తల పక్కకు తిప్పుకొని, చీపురుతో తడిమి తడిమి ఊడ్చి, బయటికి తోసేసేది.

ఆ శుక్రవారం ఆమె తల తిప్పుకోలేదు.

శనివారం తెల్లవారింది. ముందు కుడి చక్రం నేలకు కరుచుకొని ఉంది. ఇంట్లో అందరి మొహాలూ వాడిపోయాయి. గాలి పోయిన చక్రాన్ని చూసి సంబరపడ్డ మనిషి ఆమె ఒక్కతే. పెద్దతాత నులక మంచం మీద కూర్చొని "చూసిన్రా?" అనబోతుంటే, ఆమె గడ్డి గదిలోంచి చాట తెచ్చి ఆయన ముందు పెట్టింది. చాటలో చితికిన నిమ్మకాయలు.

"ఇవి ఎన్ని?"

పెద్దతాత ఒక్క ఎగురు ఎగిరి కాళ్ళు మంచం మీదికి లాక్కున్నాడు. "తొక్కిన దిష్టిని ఇంట్లకు తెచ్చినవా? నీకేమన్న బుద్ధున్నదా? ఆవల పారెయ్యి!"

"పారేస్త. లెక్క చెప్పు, పారేస్త. కాయలెన్ని?"

"నాలుగు."

"మేకులు?"

ఆయన కళ్ళు మూసుకొని వేలితో తడిమాడు. ఒకటి. రెండు. మూడు. మళ్ళీ తడిమాడు.

"కాయలు నాలుగు, మేకులు మూడు," అంది అత్త. "నాలుగోది ఏడ వాయె?"

ఆమె బండిని జాకీ మీద లేపి, మొద్దు పెట్టి, చక్రం విప్పింది. కడ్డీలతో టైరు అంచు ఊడదీసింది. చేతికి గుడ్డ చుట్టుకొని లోపల తిప్పింది. ఒకచోట గుడ్డ ఆగింది. పటకారుతో లాగింది. మేకు. చాటలో ఉన్న మూడు మేకులకు తోడబుట్టినట్టుంది. అదే పొడుగు, అదే గుండ్రటి తల. శుక్రవారం దిగింది, రాత్రంతా మెల్లగా గాలి తీసింది. దాన్ని తీసుకెళ్ళి పెద్దతాత ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన చూడు."

ఆయన చూశాడు.

"గుర్రం నాడా వాసన వస్తున్నదా, నిమ్మకాయ వాసన వస్తున్నదా?"

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి పరుగెత్తింది. లోపల నుంచి గిన్నెలు కింద పడ్డ చప్పుడు, దాని వెంట ఆపుకోలేని నవ్వు. అత్త మాత్రం నవ్వలేదు. "నేను గూడ ఇన్ని రోజులు చూడకుంట ఊడ్చిన," అంది. "గది నా తప్పే. పోయిన వారమే చూసుంటే రెండు అతుకులు మిగిలేటియి."

ఇంతటితో అయిపోయిందనుకుంటున్నారా? మూఢనమ్మకం అంత మర్యాదస్తురాలు కాదు. ముందు తలుపు మూస్తే పెరటి గోడ దూకి వస్తుంది. పెద్దతాత గొంతు సవరించుకొని అన్నాడు: "మేకు దిగింది, నిజమే. ఊకున్న మేకు దిగుతదా? నాలుగు చక్రాలల్ల గీ చక్రానికే ఎందుకు దిగింది? నీ మొకం చూడబట్టే దిగింది."

ఈ వాదన మీకు కొత్త కాదు. మీ ఇళ్ళల్లో వినే ఉంటారు. దీనికి శాస్త్రాలు తిరగేసి జవాబు చెప్పబోయినవాళ్ళు చాలామంది ఓడిపోయారు. వాదానికి వాదం పుడుతుంది. మా అత్త వాదించలేదు. పందెం వేసింది.

"అయితే ఒక నెల చూద్దాం. నిమ్మకాయలు పెట్టుకో, నేనేమన్న వద్దన్ననా? మేకు మాత్రం గుచ్చకు. రోజూ బండి పోయెటప్పుడు నేనే ఎదురుంగ నిలబడ్త. నా మొకం ఉంటది, మేకు ఉండది. చక్రం పోతే నేను మేకల కాడికి పోత. పోకపోతే ఈడనే ఉంట."

"నెల దాకనా?"

"నెల దాకనే. అప్పటిదాక పంపు పట్టు, ఇయ్యాల ఎక్కువ తిట్టింది నువ్వే."

పెద్దతాత పంపు పట్టాడు. అంత పెద్దమనిషి నలభైసార్లు వంగి లేచాడు. ఊపిరి ఆడక ఆయన నోటి నుంచి ఇంకో మాట రాలేదు.

ఆ నెల రోజులూ మా వాకిట్లో ఒక కొత్త పూజ జరిగినట్టుండేది. నాయన హ్యాండిల్ తిప్పేవాడు. అత్త పాలచెంబు చంకన పెట్టుకొని బండి ముందు నిలబడేది. బండి గర్రుమనగానే దానికి చెయ్యి ఊపి, "పో, పోయిరా," అని పక్కకు జరిగేది. పెద్దతాత మంచం మీద నుంచి చక్రాలను చూసేవాడు. మొదటి వారం ఏమీ కాలేదు. రెండో వారం ఏమీ కాలేదు. మూడో వారం బుధవారం మధ్యాహ్నం నాయన బండిని నలుగురితో తోయించుకుంటూ వచ్చాడు. వెనక చక్రం పోయింది.

పెద్దతాత లేచి నిలబడ్డాడు. అమ్మ ఈసారి నవ్వలేదు. అత్త గోలెం దగ్గర కూర్చొని, మెల్లగా, ఏ తొందరా లేకుండా టైరు ఊడదీసి గుడ్డ తిప్పింది. మేకు దొరికింది. చదరపు తల, చదునైన మొన. చేతిలో తిప్పి చూసి పెద్దతాత అరచేతిలో పెట్టింది.

"ఇది మన మేకు కాదు. గుర్రం నాడాది. వాసన గూడ చూసుకో."

"ఏదైతేంది, చక్రం పోయిందా లేదా?"

"పోయింది. రోడ్డు మీద మేకులుంటే ఎవల చక్రమైనా పోతది. గా గుర్రానికి గూడ నా మొకం నువ్వేమన్న చూపించినవా?"

పెద్దతాత ఆ మేకును ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. తర్వాత నేను ఊహించని పని చేశాడు. లోపలికి పోయి చపాతీ కర్ర తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. "ఆరినాక ఒత్తు," అన్నాడు. నెల నిండిన రోజు ఆయన, "సరే, ఉండనీ," అన్నాడు. అంతే. అంతకు మించి ఆయన నోటి నుంచి రాదని మాకు తెలుసు.

అత్తకు అది చాలలేదు. "ఉండనీ అంటే? కట్టేసిన బర్రెను అన్నట్టున్నది. నేను గడ్డి గదిలకు పోను. బండి పోయేముందు నాలుగు చక్రాలు నేను చూస్త. నా తీరున నిమ్మళంగ చూస్త. నేను చూసినంకనే బండి కదలాలె." నాయన తల ఊపాడు.

ఆ వారమే పెళ్ళి బాడుగ వచ్చింది. గుడిమల్కాపూర్‌లో పూలతోటలున్న ఒక ఇంటి పిల్లవాడికి పెళ్ళి. దారిలో చక్రం పోతే ఎవరు బాగు చేస్తారని నాయనకు బెంగ. అందుకని అత్తను ముందు సీట్లో, పంపునూ కడ్డీలనూ ఆమె కాళ్ళ దగ్గర పెట్టుకొని పోయాడు. నేను వెనక కూర్చున్నాను. అక్కడ బండికి బంతిపూల దండలు కడుతున్నారు, పెళ్ళికొడుకు అప్పటికే ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. పెళ్ళికొడుకు తండ్రి వచ్చి ముందు సీట్లో అత్తను చూశాడు. ఆమె నుదురు చూశాడు. మెడ చూశాడు. మొహం మాడ్చుకున్నాడు.

"గీమె ఎందుకన్నా? శుభమా అని పోతుంటే. దింపు."

అంతవరకు పెద్దల ముందు ఎన్నడూ నోరు తెరవని మా నాయన స్టీరింగు మీద నుంచి చేతులు తీశాడు. "ఆమె దిగితే బండి నడువది," అన్నాడు.

"అంటే?"

"అంటే నడువది. ముహూర్తం దాటుతది. నీ ఇష్టం."

పెళ్ళికొడుకు తండ్రి బండిని చూశాడు, అత్తను చూశాడు, ఎండను చూశాడు. ఆయన అర్థం చేసుకున్నది ఏదో ఇంజను సంగతి. మా నాయన చెప్పింది ఇంకొకటి. అత్త నాయన వైపు తిరిగింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకు అదే మొదలు, అదే చివర. వెంటనే ముక్కు చీదుకొని, ఇంటి గుమ్మం వైపు చూపించింది. తలుపు రెక్క వెనక ఒక ముసలామె సగం మొహం కనపడుతోంది. చేతిలో ఒక పూలదండ, ఎవరికి ఇవ్వాలో తెలియనట్టు పట్టుకొని ఉంది.

"ఆమె ఎవలు?"

"మా అమ్మ," అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి. "ఆమె రాదు."

"కాళ్ళు నొస్తయా?"

"కాళ్ళు బాగనే ఉన్నయి. మా నాయన పోయి అయిదేండ్లాయె. పెండ్లికి ఎట్ల వస్తది?"

"పిల్లగాన్ని ఎవలు పెంచిన్రు?"

జవాబు చెప్పాల్సినవాడు బండిలోంచి దిగాడు. బాసికం కట్టుకున్న ఆ పెళ్ళికొడుకు చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాకా పోయి, "రా అవ్వా," అన్నాడు. ముసలామె రానని తల అడ్డంగా ఊపింది. "నువ్వు రాకపోతే నేను పోను," అన్నాడు. ఆమె వచ్చింది. అత్త జరిగి కూర్చుంది.

"ముందట జాగ ఉన్నది. ఎక్కు అక్కా. ఇగో, గీ రబ్బరు బుడ్డి ఒత్తితే కూత పెడ్తది. ఒత్తు."

ఆమె మొదట భయం భయంగా ఒత్తింది. బండి భోంయ్ మంది. ఆమె ఉలిక్కిపడి, నవ్వి, మళ్ళీ ఒత్తింది. గుడిమల్కాపూర్ నుంచి పెళ్ళికూతురి ఇంటి దాకా ఆమె ఆ హారన్ వదల్లేదు. దారిలో మనుషులు, మేకలు, సైకిళ్ళు అన్నీ పక్కకు తప్పుకున్నాయి. ముహూర్తానికి ముందే చేరాం. పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళికొడుక్కి ఇప్పుడు ముగ్గురు పిల్లలు.

ఇక చదివింది చాలు. మీ ఇంట్లో కూడా ఒకామె ఉంది. శుభకార్యం అనగానే తనంతట తానే పక్కకు జరిగే ఒక అక్క, ఒక అత్త, ఒక అమ్మ. ఆమె పక్కకు జరుగుతుంటే మీరు చూడనట్టు నటిస్తున్నారు. ఈ కాగితం పక్కన పెట్టండి. లేచి ఆమె ఉన్న గది దాకా నడవండి. ఇంట్లో పెద్దలు ఏమంటారో అడగకండి, అడిగితే ఏమంటారో మీకు తెలుసు. తలుపు తీయండి. ఈ నెలలో మీ ఇంటి నుంచి పెళ్ళికో పేరంటానికో బయలుదేరే మొదటి బండిలో ముందు సీటు ఆమెదని అందరూ వినేలా చెప్పండి. ఆమె ఎక్కి కూర్చునేదాకా బండి కదలనివ్వకండి.